రొట్టె ఎవరిది, పాట ఎవరిది

ఒక మంచి గొంతును అందరికంటే ముందు మనమే విన్నామన్న సంతోషం భక్తికి దగ్గరదా, లోభానికి దగ్గరదా? ఈ ప్రశ్న నన్ను పట్టుకుంది ఒక ఇంగ్లండు బ్యాండు మూలంగా.

2007లో లండన్‌లో నలుగురు కుర్రాళ్లు కలిసి పెట్టుకున్న బ్యాండు అది, పేరు మమ్‌ఫర్డ్ అండ్ సన్స్. తొలి ఆల్బమ్ ‘సై నో మోర్’ 2009లో వచ్చింది. మద్రాసులో చదువుకుంటున్న మా అక్క కొడుకు సెలవులకొచ్చి, మైపాడు దారిలో మా రొయ్యల గుంటల కాడ రాత్రి కాపలాకి నాకు తోడు కూర్చుని, ఫోన్లో వినిపించాడు. ఏరేటర్ల మోతలోనూ ఆ బ్యాంజో స్పష్టంగా పలికింది. పాడేవాడు గిటారు వాయిస్తూ, కాలితో పెద్ద డ్రమ్ము తన్నుతూ పాడతాడని మావాడు చెప్పాడు. బుర్రకథలు చూసి పెరిగినవాణ్ణి, నాకది వింతనిపించలేదు. భుజాన తంబురా, బొటనవేలికి అందె, కాళ్లకు గజ్జెలు. మన కథకుడికి ఒళ్లంతా వాద్యమే. పాట మాటలు సగం కూడా అందలేదు గానీ, ఆ గొంతు ఎవరికో మొరపెట్టుకుంటోందని మాత్రం తెలిసింది. పాడే మార్కస్ మమ్‌ఫర్డ్ తల్లిదండ్రులు బ్రిటన్‌లో వైన్‌యార్డ్ అనే క్రైస్తవ సంఘాలకు పెద్దలుగా ఉన్నవాళ్లని తర్వాత తెలిసింది. ఆ దేవుడు నేను మొక్కే దేవుడు కాడు. మొర మాత్రం నాకు తెలిసిందే.

2013లో వాళ్ల రెండో ఆల్బమ్ ‘బేబెల్’కు ఆ ఏటి మేటి ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది. సంబరపడి మావాడికి ఫోన్ చేశాను. “ఇంకేముంది మామా, అది అందరిదీ అయిపోయింది,” అన్నాడు నీరసంగా. పాటలు అవే, గొంతు అదే. వినేవాళ్లు పెరిగారు, అంతే. మరి వాడికి పోయిందేమిటి?

భగవద్గీత రెండో అధ్యాయం చివర శాంతి పొందేవాణ్ణి గురించి చెప్పినప్పుడూ, పన్నెండో అధ్యాయంలో తనకు ప్రియమైన భక్తుణ్ణి గురించి చెప్పినప్పుడూ కృష్ణుడు మమకారాన్నీ అహంకారాన్నీ పక్కపక్కనే పెట్టి, ఆ రెండూ లేనివాడు అంటాడు. ఇంటి మీద, చేను మీద మమకారం ఎవరికైనా కనబడుతుంది. పాట మీద మమకారం ప్రేమ వేషం కట్టుకొని వస్తుంది. అందుకే దాన్ని గుర్తుపట్టడం కష్టం.

నెల్లూరు వాళ్లకు దాన్ని గుర్తుపట్టే చోటు ఒకటుంది. స్వర్ణాల చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గా. పన్నెండు మంది అమరవీరుల సమాధులున్న చోటు. మొహర్రం రోజుల్లో అక్కడ రొట్టెల పండగ. తల మీద కొంగు కప్పుకొని, చేతిలో రొట్టె పట్టుకొని ఆడవాళ్లు చెరువు నీళ్లలో నిలబడతారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఆరోగ్యం రొట్టె. కోరిక ఉన్నవాళ్లు, అదే కోరిక తీరినవాళ్ల చేతి నుంచి రొట్టె పుచ్చుకొని తింటారు. తమ కోరిక తీరాక రొట్టెలు చేసుకొచ్చి ఇంకొకరికి ఇస్తారు. మొదట ఇచ్చినామె ఏ ఊరో, ఏ కులమో, ఏ మతమో తెలియదు. ఆమెను వెతికి తిరిగి ఇచ్చే పని లేదు. నీళ్లలో చెయ్యి చాచి ఎవరు నిలబడితే వాళ్లకే. ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండగ చేసింది 2015లో. జనం చేతుల్లో అది ఎప్పటినుంచో నడుస్తోంది.

కొత్త గొంతు చెవిన పడటమంటే ఇలాంటి రొట్టె అందుకోవడమేనని నా నమ్మకం. దీనికి ఒక అడ్డు ప్రశ్న ఉంది. రొట్టెను కోరి తెచ్చుకుంటాం, పాట కోరకుండానే వస్తుంది. ఈ తేడా చిన్నది కాదు. కోరినది దక్కితే ఎవరికో బాకీ పడ్డామని తెలుస్తుంది. కోరనిది దక్కితే అది మన తెలివేననుకుంటాం. ‘నేనే కనుక్కున్నాను’ అనే మాట అక్కడ పుడుతుంది.

తైత్తిరీయ సంహిత మనిషి మూడు ఋణాలతో పుడతాడంటుంది: ఋషులకు, దేవతలకు, పితరులకు. అక్కడ బ్రాహ్మణుడికని చెప్పి ఉండొచ్చు. అది అందరికీ చెల్లుతుందనే నేననుకుంటాను. అందులో ఋషి ఋణం తీరే తీరు నన్ను కదిలిస్తుంది. ఋషికి తిరిగిచ్చేదేమీ లేదు. ఆయన ఇచ్చినదాన్ని నేర్చుకోవాలి, అంతే. నేర్చుకున్నవాడి దగ్గర్నుంచి అది ఇంకొకడికి పోతుంది.

మా నెల్లూరి గాయకుడు బాలు గారు ఆ బాకీ తీర్చిన తీరు చూడండి. హరికథలు చెప్పే సాంబమూర్తి గారి కొడుకు. గూడూరులో పాటల పోటీలో ఆయనకు రెండో బహుమతి ఇస్తే, మొదటిది ఈ అబ్బాయికి రావలసిందని గాయని ఎస్. జానకి గారు అన్నారు. సినిమాల్లో పాడమనీ చెప్పారు. తర్వాత మద్రాసులో సంగీత దర్శకుడు కోదండపాణి గారు ఆ గొంతు విని, 1966లో ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ సినిమాకు పాడించారు. 1974లో కోదండపాణి గారు పోయారు. బాలు గారు తన రికార్డింగ్ స్టూడియోకు ఆయన పేరు పెట్టారు. అంతటితో ఊరుకోలేదు. 1996 నుంచి టీవీలో ‘పాడుతా తీయగా’ కార్యక్రమంలో కూర్చుని, ఎవరికీ తెలియని పిల్లల గొంతులు చెవి ఒగ్గి విన్నారు. 2020 ఫిబ్రవరిలో నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని సొంత ఇంటిని వేదపాఠశాల కోసం కంచి మఠానికి ఇచ్చేశారు. ఆ సెప్టెంబరులోనే ఆయన పోయారు.

ఇక్కడిదాకా దారి సాఫీగానే ఉంది. పాట అందరిదీ అని ఎవరు అంటున్నారు అన్న దగ్గరే చిక్కు. ఆ లండన్ కుర్రాళ్ల చేతిలోని బ్యాంజో, ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకుపోయిన మనుషులు అట్లాంటిక్‌కు అవతల తయారుచేసుకున్న వాద్యం. 1904లో వాన్ విలియమ్స్ అనే సంగీతకర్త ససెక్స్ పల్లెలో ఒక ఇల్లాలు పాడిన నావికుల పాట విని రాసుకున్నాడు. ఆ బాణీ 1906లో ‘ఇంగ్లీష్ హిమ్నల్’ అనే చర్చి పాటల పుస్తకంలో దేవుడి పాటకు ఎక్కింది. బాణీకి మంక్స్ గేట్ అని పల్లె పేరు నిలిచింది. పాడిన హారియట్ వెరాల్ పేరు చర్చిలో ఆ పాట పాడేవాళ్లలో ఎందరికి తెలుసు? మమకారం వదలమని పుచ్చుకున్నవాడికి చెప్పొచ్చు. చేతిలోది పోగొట్టుకున్నవాడికి చెబితే అది అన్యాయం. మమ్‌ఫర్డ్ కుర్రాళ్లు ఢిల్లీ వచ్చి రాజస్థానీ జానపద కళాకారులతో కలిసి పాడారు. తమతో పాడిన గాయని లారా మార్లింగ్ పేరు, తమ పేరు, ఆ కళాకారుల బృందం ధరోహర్ ప్రాజెక్ట్ పేరు, మూడూ కలిపే 2010లో ఆ రికార్డును విడుదల చేశారు. గ్రామీ కంటే నాకు అది పెద్ద సంగతి.

మా తీరంలో అలివి వల లాగేటప్పుడు పాడే పాటలున్నాయి. ఇంజను పడవలొచ్చాక పాడేవాళ్లు తగ్గిపోయారు. ఒక పెద్దాయన పాడుతుంటే ఫోన్లో రికార్డు చేసి, మా అక్క కొడుక్కి పంపొచ్చా అని అడిగాను. “పంపుకో అబ్బయ్యా. పాడిందెవరో, ఏ పాళెమో మాత్రం చెప్పు,” అన్నాడు. రెండూ ముందు రాసి, ఆ కిందే పాట పంపాను. మావాడు విని, నడుమ ఒక మాట తెలియలేదు మామా, ఆయన్నే అడిగి చెప్పు అని రాశాడు. ఆదివారం మళ్లీ వల వేస్తారట. పోయి అడగాలి.