పోయి వచ్చెదమని చెప్పుట

ధ్యానమునకు వాక్యభాగములు: ఆదికాండము 31:17–55, అపొస్తలుల కార్యములు 20:17–38



మన తెలుగువారిలో ఎవరును గడప దాటునప్పుడు ‘పోతున్నాను’ అని చెప్పరు. ‘పోయొస్త’ అని చెప్పుదురు. కామారెడ్డి అంగడికి పోవువాడును ఆ మాటే చెప్పును, సముద్రము దాటి మస్కటుకు పోవువాడును ఆ మాటే చెప్పును. ఎవరైన మరచి ‘పోతున్న’ అనినయెడల ఇంటిలోని ముసలమ్మ వెంటనే, ‘అట్లనకు బిడ్డా, పోయొస్త అను’ అని దిద్దును. ఈ చిన్న మాటలో ఎంత ప్రేమ యున్నదో, ఎంత భయము కూడ నున్నదో మనకు తెలియును.

మన కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో విడిపోవుట క్రొత్త సంగతి కాదు. వానలు పడని సంవత్సరములలో పట్టణములకు పోయినవారున్నారు. ఎన్నో యేండ్లుగా దుబాయి, మస్కటు, సౌదీ దేశములకు పోవుచున్నవారున్నారు. బదిలీ వచ్చి పోవు ఉపాధ్యాయులు, కొడుకు కోడలి యొద్దకు చేరు వృద్ధులు, పని ముగిసి స్వంత ఊరికి మరలువారు, వీరందరు మన సంఘములలో నున్నారు. పెండ్లికి మన సంఘములో ఒక క్రమమున్నది. భూస్థాపనకు ఒక క్రమమున్నది. అయితే పని విడిచి, స్నేహితులను విడిచి, ఊరు విడిచి పోవువానికి క్రమమేది? అనేకులు ఏ మాటయు చెప్పక మొదటి బస్సు ఎక్కి పోవుదురు. ఈ నెల దానిని గూర్చి కొంత ధ్యానింతము.

మనకు దగ్గరనున్న ఒక స్థలమును దృష్టాంతముగా తీసికొందము. ఎల్లారెడ్డి నుండి మెదకు పోవు ప్రక్కన పోచారము చెరువు ఉన్నది. 1916 మొదలుకొని 1922 వరకు ఆలేరు వాగునకు కట్ట వేయగా ఏర్పడిన జలాశయమది. నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి పొలములకు దాని నీళ్లు పారుచున్నవి. దాని ప్రక్కనున్న అడవి ఒకప్పుడు నిజాము వేటాడిన భూమి. నేడు దాదాపు 130 చదరపు కిలోమీటర్ల అభయారణ్యము. తుపాకి మ్రోగిన చోటనే ఇప్పుడు మృగములకు కాపుదల దొరకినది. చుక్కల దుప్పులు, కణుజులు, మనుబోతులు, నాలుగు కొమ్ముల జింకలు, ఎలుగుబంట్లు, చిరుతపులులు అక్కడ నున్నవి. జింకలను పెంచు కేంద్రమొకటి కూడ అక్కడ నున్నది.

అట్టి చోట చాల యేండ్లు పని చేసిన ఒక సహోదరుడు మన మధ్య నున్నాడనుకొందము. ఉదయమున పచ్చిగడ్డి కోసి వేయును. తొట్లు కడిగి నీళ్లు నింపును. ఎండాకాలమున అడవిలో మంట వ్యాపింపకుండ ఎండుటాకులు ఊడ్చి దారులు తీయును. కంచె చుట్టు నడచి, తెగిన తీగెను కట్టును. అతని అడుగుల చప్పుడు విన్నయెడల దుప్పులు బెదరవు. ఇప్పుడు కుమారుడు దూర పట్టణమునకు రమ్మని పిలిచినాడు. కుటుంబము సామాను మూటలు కట్టుచున్నది. అయితే ఆ సహోదరునికి తోటి పనివానితో పని వంతుల విషయమై తగవు పడి, ఆరు మాసములుగా మాటలు లేవు. ‘ఎవరికి చెప్పవలెను? ఏడ్పులెందుకు? తెల్లవారకమునుపే పోవుట మంచిది’ అని అతడు తలంచుచున్నాడు. ఇట్టివానితో మన వేదము ఏమి చెప్పును?

మొదటిది: దొంగచాటుగా పోరాదు.

యాకోబు లాబాను యొద్ద ఇరువది యేండ్లు మంద కాచెను. పగటి ఎండకు మాడెను, రాత్రి మంచుకు వణకెను, నిద్ర పోగొట్టుకొనెను. క్రూరమృగము చీల్చిన దాని నష్టము కూడ తానే భరించెను. అంత నమ్మకముగా పని చేసినవాడు పోవునప్పుడు మాత్రము, మామ గొఱ్ఱెల బొచ్చు కత్తిరింప పోయిన సమయము చూచి, చెప్పక పారిపోయెను. పని మంచిది, వీడ్కోలు చెడ్డది. యాకోబు భయమునకు కారణములు లేకపోలేదు; లాబాను అతని జీతమును మాటిమాటికి మార్చినవాడు. అయినను ఏడు దినములు తరిమి వచ్చిన ఆ ముసలివాడు అడిగిన దానిలో ఒక మాట న్యాయమైనది: నా కుమార్తెలను, మనుమలను ముద్దు పెట్టుకొని పంపనియ్యవైతివేమి? ఆ మాటకు యాకోబు యొద్ద సరియైన ప్రత్యుత్తరము లేదు. భయపడితినని మాత్రము చెప్పెను.

చెప్పక పోవుట వలన మన దుఃఖము తగ్గునని తలంతుము. తగ్గదు; అది వెనుక నున్నవారి మీద పడును, అంతే. ఆ దినమున లాబాను, యాకోబు రాళ్లు కుప్పగా వేసి, దానిమీద కలిసి భోజనము చేసిరి. తెల్లవారి లాబాను తన బిడ్డలను దీవించి తిరిగి పోయెను. ఇద్దరి మధ్య గొప్ప ప్రేమ కలిగెనని వేదము చెప్పదు. పగ మాత్రము ఆగెను. మన సహోదరుడు కూడ ఆ తోటి పనివాని ఇంటికి పోవలెను. తప్పెవరిదని తీర్పు తీర్చుటకు కాదు. ‘అన్నా, నేను ఊరు విడుస్తున్న. మన నడుమ ఉన్నది ఇక్కడనే విడిచిపెడుదము. నాతోని తప్పయితే మన్నించు’ అనిన చాలును. అతడు చాయ పోసినయెడల త్రాగవలెను. పోయకపోయినను దీవించి రావలెను. మోసికొని పోవు మూటలలో పగ అను మూట అన్నిటికంటె బరువైనది; దానికి బస్సు టిక్కెట్టు అడుగరు గాని, ఏ ఊరు చేరినను అది దిగదు.

రెండవది: చేతులు శుభ్రముగా నుంచుకొని పోవలెను.

సమూయేలు వృద్ధుడై తన పని అప్పగించునప్పుడు జనులందరి యెదుట నిలిచి, నేనెవరి యెద్దునైన, గాడిదనైన తీసికొంటినా, ఎవరి యొద్దనైన లంచము పుచ్చుకొంటినా చెప్పుడనెను (1 సమూ. 12). ఎవరును వ్రేలెత్తి చూపలేకపోయిరి. పౌలు కూడ ఎఫెసు పెద్దల యెదుట తాను ఎవరి వెండిని, బంగారును, వస్త్రములను ఆశింపలేదని చెప్పి, కష్టపడిన తన చేతులను చూపెను. అదే ఆదికాండములో రాహేలు తండ్రి విగ్రహములను దొంగిలి ఒంటె సామగ్రిలో దాచి, వాటిమీద కూర్చుండెను. చెప్పక పోవువారి మూటలో ఇట్టివి చేరుట సులువు.

అడవిలో పని చేయువానికి ఈ మాట ఎంత దగ్గరగా నున్నదో చూడుడి. మగ దుప్పికి ఏటేట కొమ్ములు రాలి క్రొత్తవి మొలచును. రాలిన కొమ్ము నేలమీద పడియుండును, అడుగువారుండరు. ఇంటి గోడకు తగిలించుకొనిన, ‘నేను ఇన్నేండ్లు పని చేసినందుకు జ్ఞాపకము’ అని మనస్సు చెప్పును. అయితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని ఇంటికి మోసికొని పోనియ్యదు. చట్టమట్లుండగా, దేవుని యెదుట కూడ మనది కానిది మనది కాదు. అద్దెకున్న ఇంటి బాకీ, కిరాణము దుకాణములో ఖాతా, సంఘపు పెట్టెలో నుండి తీసికొనిన చేబదులు, పొరుగింటివారి పార, గిన్నె, ఇవన్నియు తిరిగి ఇయ్యవలెను. మన వెనుక మన పేరు చెప్పుకొనువారు బాకీ లెక్కతో చెప్పుకొనకూడదు.

మూడవది: మందను ఎవరికైన అప్పగించి పోవలెను.

పౌలు యెరూషలేమునకు త్వరపడుచుండెను. అయినను మీలేతులో ఆగి, ఎఫెసు నుండి పెద్దలను పిలిపించెను. మూడేండ్లు తాను కాచిన మందను వారికి అప్పగించెను. తోడేళ్లు వచ్చునని దాచక చెప్పెను. ఇది వట్టి కన్నీటి కూటము కాదు. పని అప్పగించిన దినము.

దుప్పి బహు బెదురు జంతువు. క్రొత్త మనిషి ఒక్కసారి గుంపులోనికి పోయినయెడల అవి చెదరి కంచెకు కొట్టుకొని గాయపడును, చచ్చుట కూడ కలదు. కాబట్టి మంచి పనివాడు పోకమునుపు క్రొత్తవానిని వెంటబెట్టుకొని కొన్ని దినములు తిరుగును. ఏ జింక ఈనుటకు సిద్ధముగా నున్నది, ఏ మగదుప్పి ఇప్పుడు పొడుచును, ఏ తొట్టికి పగులున్నది, కంచె ఏ మూల బలహీనము, ఇవన్నియు చూపును. తాను మాత్రమే ఎరిగిన దానిని తనతో మోసికొని పోవువాడు కూడ ఒక విధముగా దొంగిలించినవాడే.

మన సంఘములలో ఎంతమంది ఈ తప్పు చేయుచున్నాము! ఆదివారపు బడి నడిపిన అక్క పెండ్లియై పోవును, బడి మూతపడును. పాటలు నేర్పిన అన్న దుబాయి పోవును, పాట ఆగును. ముందుగా ఇంకొకరికి నేర్పలేదు. మన ప్రాంతములో మరొక మాదిరి కలదు. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు 1895లో సికింద్రాబాదుకు వచ్చి, మరుసటి సంవత్సరము మెదకు చేరిరి. 1924 డిసెంబరు 25న మెదకు దేవాలయము ప్రతిష్ఠింపబడెను. 1939లో వారు పని ముగించి స్వదేశమునకు మరలిరి. గుడి కట్టించిన మనిషి పోయెను, ఆరాధన ఆగలేదు. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడును, నేటి వరకును, గ్రామ గ్రామమున ఉపదేశకులు, సంఘ పెద్దలు ఆ మందను కాచుచునే యున్నారు. పోవువాడు లేకపోయినను నిలుచు పనియే దేవుని పని.

నాల్గవది: దేవునికి అప్పగించి పోవలెను.

ఎంత చక్కగా అప్పగించినను, మన మనస్సులో ఒక నొప్పి మిగులును. ఉదయమున ఆ దుప్పులు అలవాటు చొప్పున కంచె యొద్దకు వచ్చి చెవులు నిక్కించి చూచును. మనుష్యులకు చెప్పి రావచ్చును. మూగజీవములకు ఎట్లు చెప్పవలెను? నీతిమంతుడు తన పశువుల ప్రాణమును కూడ లక్ష్యపెట్టునని సామెతలు 12:10 బోధించుచున్నది గనుక, ఆ సహోదరుని నొప్పిని ఎవరును నవ్వరాదు.

అయితే నోవహును జ్ఞాపకము చేసికొందము. ఏడాదికి పైగా అతడు ఓడలో జంతువులను సాకెను. తలుపు తెరచిన దినమున అవి తమ తమ జాతుల చొప్పున వెలుపలికి పోయెను. నోవహు తన దారిని పోయెను. అతని చేతి మేత ఆగెను, దేవుని చేతి మేత ఆగలేదు. నోవహును మాత్రమే కాదు, ఓడలోని మృగములను కూడ దేవుడు జ్ఞాపకము చేసికొనెనని అక్కడ వ్రాయబడియున్నది. చలికాలమున పోచారము చెరువునకు తలమీద రెండు నల్లని చారలు గల పెద్ద బాతులు వచ్చును. టిబెట్టు, మంగోలియా ప్రాంతముల నుండి హిమాలయములు దాటి అవి వచ్చును. ఎండలు ముదరకమునుపే మరలి పోవును. వాటికి దారి చూపినవాడు మన బిడ్డల దారి ఎరుగడా?

పౌలు ఏడ్చుచున్న ఆ పెద్దలను తన జ్ఞాపకమునకు అప్పగింపలేదు, దేవునికిని ఆయన కృపావాక్యమునకును అప్పగించెను. మన ప్రభువు కూడ సిలువమీద నుండి తన తల్లిని శిష్యునికి అప్పగించి, తన ఆత్మను తండ్రికి అప్పగించెను. అప్పగించుట చేతకానివారే విడువలేక విడుతురు.

నిలిచియుండు వారికి కూడ ఒక మాట. ఎఫెసు పెద్దలు పౌలును ఓడ వరకు సాగనంపిరి. పోవువాని ఇంటికి రెండు దినములు ముందుగానే పోవుడి. సామాను కట్టుటకు చేయి వేయుడి. పొయ్యి పీకిన ఇంటివారికి ఒక పూట అన్నము పంపుడి. వారిని నడుమ మోకరింపజేసి ప్రార్థించుడి. బస్సు కదలువరకు నిలువుడి. తరువాత వారి పేరు ప్రార్థన కూటములో తీసివేయకుడి. మీకొరకు ప్రార్థించుట మానుట నాకు పాపమని తలంచిన సమూయేలు వంటివారమగుదము. అక్కడి సంఘమునకు ఉత్తరము వ్రాసి పంపుట మరువకుడి. సంఘము దొరకక ఎంతమంది పట్టణములలో చెదరిపోయిరో మనమెరుగుదుము.

ఇక ‘పోయొస్త’ అను మాట సంగతి. పౌలు దానిని చెప్పలేదు. ఇక మీరు నా ముఖము చూడరని నిజము చెప్పెను. ఆ మాటకే వారు ఎక్కువగా దుఃఖించిరి. అట్లయిన మనము ‘పోయొస్త’ అనుట అబద్ధమా? లోకస్థుడు దానిని ఆశతో చెప్పును, శకునము కొరకు చెప్పును. క్రీస్తునందున్నవాడు దానిని విశ్వాసముతో చెప్పును. ఈ గడపకు మరల రాకపోవచ్చును. ఈ చెరువు కట్టమీద మరల కూర్చుండకపోవచ్చును. అయినను మరణము గెలిచినవాని యింట మనకు కలయిక ఉన్నది. ఆయన తానే శిష్యులతో, పోయి మీకు స్థలము సిద్ధపరచి మరల వత్తునని సెలవిచ్చినవాడు (యోహాను 14). పోయి వచ్చెదనన్న మాటను ఎన్నడును తప్పని ప్రభువు ఆయన ఒక్కడే. ఆయన మాటను ఆనుకొని చెప్పినయెడల మన మాట కూడ నిజమగును.

కాబట్టి సహోదరులారా, పోవువారలారా, పగ విడిచి, బాకీ తీర్చి, పని అప్పగించి, అందరిని దేవుని చేతిలో పెట్టి, పట్టపగలు అందరి ముఖము చూచి ‘పోయొస్తము’ అని చెప్పి పొండి.

ప్రార్థన: మా పరలోకపు తండ్రీ, ఈ మాసములో మా పల్లెలు విడిచి పోవు ప్రతి కుటుంబమును నీ చేతికి అప్పగించుచున్నాము. మాటలు లేని వారిని కలుపుము. విడువబడిన మనుష్యులను, మూగజీవములను నీవే సాకుము. చేరబోవు ఊరిలో వారికి ఒక సంఘమును, ఒక స్నేహితుని సిద్ధపరచుము. మమ్మునందరిని నీ యింట మరల కూర్చుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.