పోయిన సొత్తు ఏది?

యోగశాస్త్రము చెప్పిన ఐదు యమములలో అస్తేయము ఒకటి. పరుల సొత్తును అపహరింపకుండుటయే అస్తేయము. కాని ఒక సంస్థ రహస్యము దొంగిలింపబడినపుడు ఆ జ్ఞానము యజమానివద్దను నిలిచియే యుండును. మరి పోయినదేమి?

2006వ సంవత్సరమున అమెరికాలోని అట్లాంటా నగరమున జరిగిన ఒక ఉదంతము ఇచట స్మరింపదగినది. కోకాకోలా సంస్థ ప్రధాన కార్యాలయమున కార్యదర్శినిగా నుండిన ఒక స్త్రీ, రహస్య పత్రములను, ఇంకను అంగడికి రాని పానీయపు నమూనాను బయటికి చేర్చెను. ఆమెతో చేతులు కలిపిన వాడొకడు వాటిని అమ్మజూపుచు ప్రత్యర్థియైన పెప్సీ సంస్థకు లేఖ వ్రాసెను. పెప్సీవారు ఆ లేఖను కోకాకోలా వారికే అందజేసిరి. ఎఫ్.బి.ఐ. దర్యాప్తు ఆరంభమాయెను. ఆ శాఖవాడొకడు కొనువానివలె నటించి 30,000 డాలర్లు చెల్లించెను. మిగిలిన రహస్యములకు 15 లక్షల డాలర్లు ఇత్తుననెను. ఆమె పత్రములను సంచిలో నుంచుకొనుట నిఘా కెమెరాలో కనబడెను. 2007లో న్యాయస్థానము ఆమెకు 8 సంవత్సరముల కారాగారశిక్ష విధించెను.

ఆమె గోడ దూకలేదు, తాళము పగులగొట్టలేదు. తలుపు ఆమెకై తెరచియే యుండెను. ఆ తెరచిన తలుపునకే విశ్వాసమని పేరు. పోయిన సొత్తు అదియే. ఇంటిదొంగ చేసిన పనికి, ఏ పాపమెరుగని తోటివారందరును అనుమానపు చూపునకు గురియగుదురు. యజమానికి కలిగిన నష్టమును లెక్కకట్టవచ్చును. వీరికి కలిగిన నష్టమునకు లెక్క లేదు.

కావున దర్యాప్తు చేయువారి ధర్మము కత్తి అంచుపై నడకవంటిది. చూచియు చూడనట్లున్నచో, నమ్మకముగా పనిచేయువారికి అన్యాయము చేసినట్లగును. అందరిని దొంగలుగా నెంచినచో, దొంగ మిగిల్చిపోయిన విశ్వాసమును తామే హరించినట్లగును. జాడ కనబడిన వైపే వెదకవలెను. ఋజువు చిక్కువరకు ఎవరి పేరును నోట రానీయరాదు.

పై ఉదంతమున తొలిజాడ చూపినది కెమెరా కాదు. లాభము వాకిటికి వచ్చి నిలిచినను స్వీకరింపని ప్రత్యర్థియే దానిని చూపెను. కెమెరా చేతిని చూడగలదు. చేయి చాచుటకు ముందే మనస్సును ఆపగలది ధర్మబుద్ధి యొక్కటే. కొనువాడే లేనిచో అమ్మువాని ఆశ ఎంతకాలము నిలుచును? దొంగిలింపకుండుటతోనే అస్తేయము ముగియదు. దొంగసొత్తు తనంత తానై ఎదుటికి వచ్చినపుడు, అది ఎవరిదో వారికే చేర్చుటయు అస్తేయమే.