గవ్వలు చేసిన పాపం

మనవరాలికి పాత పంచె మీద వైకుంఠపాళి కుడుతున్నా. పాములకు చింతామణిలో కొన్న నల్లదారం, నిచ్చెనలకు పసుపుదారం. అసూయ, లోభం, మదం అని పాములకు పేర్లు కుడుతుంటే అడిగింది: "అవ్వా, నేనేం తప్పు చేస్తినని మింగుతుంది?"

నిజమే. గవ్వలు పడినట్టు నడిచే ఆటలో అసూయపడే తీరికెక్కడిది? పూర్వజన్మ కర్మ అంటారు పెద్దలు. ఐదేళ్ల పిల్లతో ఆ మాట అనడానికి నాకు నోరు రాదు.

మా కైవారం నారాయణ తాత గాజులమ్ముకునే మనిషి. తర్వాత యోగి అయినాడు, తెలుగులో, కన్నడంలో తత్వాలు చెప్పినాడు. ఆయనకు గురువనే నిచ్చెన దొరకడం సాధనా, దయా? దయ అనే నా నమ్మకం. నిచ్చెన దయైతే, పాము మాత్రం శిక్ష ఎట్లవుతుంది?

మిగిలిన పాములకు పేర్లు దాన్నే పెట్టమన్నా. మొదటిది జ్వరమంట.