మళ్ళీ కొనలేనివాటికి ముందు ఖర్చుపెట్టు

చిట్టితల్లీ,

కొత్తింట్లో పాలు పొంగించారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. నువ్వు పంపిన జాబితా చూశాను. ఫ్రిజ్, 55 అంగుళాల టీవీ, ఏసీ, అన్నిటికన్నా అడుగున ‘డబ్బు మిగిలితే ఒక హార్డ్‌డిస్క్’. చేతిలో ఉన్నదేమో లక్ష రూపాయలు. ఈ జాబితాని అడుగునుంచి పైకి చదువుకోమ్మా. ఫ్రిజ్ పాడైతే బాగుచేయిస్తాం, కుదరకపోతే ఇంకోటి కొంటాం. టీవీ లేకపోయినా ఏడాది గడుస్తుంది. మీ అమ్మమ్మ ఆవకాయ కలుపుతూ కారం పాళ్ళు చెబుతుంటే నువ్వు తీసిన వీడియో మాత్రం నీ ఫోన్లో తప్ప ఎక్కడా లేదు. ఆ ఫోను ఆటోలో జారిపోతే డబ్బు పెట్టినా తిరిగి రాదు. అందుకే మొదటి ఖర్చు దాని కోసం పెట్టమంటున్నాను.

ఒకే ఒక్క ఖరీదైన డిస్క్ కొనేకన్నా రెండు మామూలువి కొను. ఎంత పేరున్న కంపెనీదైనా డిస్క్ ఏదో ఒకరోజు పోతుంది. వారంటీ మూడేళ్లు ఉందంటే, ఈలోగా పాడైతే కొత్త డిస్క్ ఇస్తారని మాత్రమే అర్థం. లోపలున్న ఫోటోలకి ఆ వారంటీతో సంబంధం లేదు. పోయిన డేటాని తీసిచ్చే ల్యాబులు ఉన్నాయి కానీ వాళ్ళ బిల్లు చాలాసార్లు డిస్క్ ధరకి ఎన్నో రెట్లు ఉంటుంది, అంత పెట్టినా అన్నీ వస్తాయని వాళ్ళే హామీ ఇవ్వరు.

ఎస్‌ఎస్‌డీ కొనాలా, హార్డ్‌డిస్క్ చాలా అని అడిగావు. డిస్క్ మీదే నేరుగా వీడియో ఎడిటింగ్ చేసేవాళ్ళకి, రోజూ బ్యాగులో వేసుకుని తిరిగేవాళ్ళకి ఎస్‌ఎస్‌డీ మంచిది. లోపల తిరిగే పళ్ళేలు ఉండవు కాబట్టి కిందపడినా సాధారణంగా తట్టుకుంటుంది, వేగమూ ఎక్కువే. నీ పని నెలకోసారి ఫోటోలు ఎక్కించి దాచుకోవడం. దానికి యూఎస్‌బీ 3 పోర్టబుల్ హార్డ్‌డిస్క్ సరిపోతుంది. సెకనుకి 100 ఎంబీ పైచిలుకు వేగమంటే 500 జీబీ ఎక్కడానికి గంటన్నర లోపే. చిన్న చిన్న ఫోటోలు వేలల్లో ఉంటే ఇంకాస్త పడుతుంది, అన్నం వండుకుని తినేలోపు అయిపోతుందిలే. ఇంకో సంగతి. ఎస్‌ఎస్‌డీని ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా పెట్టెలో పడేస్తే అందులో దాచింది చెదిరిపోయే ప్రమాదం ఉంది. బీరువాలో దాచేదానికి హార్డ్‌డిస్కే నయం.

1 టీబీ అని డబ్బా మీద ఉండి, కంప్యూటర్లో 931 జీబీ కనిపిస్తే మోసపోయానని కంగారుపడకు. కంపెనీలు వెయ్యి లెక్కన కొలుస్తాయి, విండోస్ 1024 లెక్కన కొలుస్తుంది, అంతే తేడా. అసలు మోసం వేరే చోట ఉంది. ‘16 టీబీ ఎస్‌ఎస్‌డీ, రెండు వేలకే’ అని ఆన్‌లైన్లో కనిపిస్తుంది చూడు, దాని జోలికి పోవద్దు. అలాంటివాటిని విప్పి చూస్తే లోపల ఓ చిన్న మెమరీ కార్డు జిగురుతో అంటించి ఉంటుంది. కంప్యూటర్‌కి మాత్రం 16 టీబీ అని అబద్ధం చెప్పేలా దాన్ని మార్చి పెడతారు. మొదటి 50, 60 జీబీ చక్కగా ఎక్కుతుంది. ఆ తర్వాత వేసినవి పాతవాటి మీదే పడుతుంటాయి. ఫైళ్ల పేర్లన్నీ వరసగా కనబడతాయి, ఫోటో తెరిస్తే సగం బూడిదరంగు. తెలిసేసరికి ఫోన్లో ఉన్న అసలు ఫోటోలు నువ్వే తుడిచేసి ఉంటావు. నాకు దీని మీద ఇంత కోపం ఎందుకంటే, దీనికి బలయ్యేవాళ్ళు డబ్బు చూసి చూసి ఖర్చుపెట్టేవాళ్ళే.

కాబట్టి పార్క్‌లేన్ సీటీసీ కంప్యూటర్ షాపుల్లోనో, అమ్మేవాడి పేరు చూసుకుని ఆన్‌లైన్లోనో కొను. బిల్లు మీద సీరియల్ నంబర్ వేయించుకో. ఆ నంబరు కంపెనీ సైటులో కొట్టి వారంటీ ఎప్పటిదాకా ఉందో చూసుకో. విదేశాల్లో అమ్మడానికి తయారైన సరుకైతే ఇక్కడ వారంటీ వర్తించకపోవచ్చు. ఇంటికి తెచ్చాక ఖాళీ డిస్క్‌ని ఒకసారి నిండా నింపి చదివించు. విండోస్‌కి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. కొన్ని గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకో. లోపం ఉంటే షాపువాడు మార్చిచ్చే గడువులోనే బయటపడుతుంది. నీది విండోస్, మీ ఆయనది మ్యాక్ అన్నావు కదా. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకుంటే రెండిట్లోనూ చదవొచ్చు, రాయొచ్చు. డిస్క్ తిరుగుతున్నప్పుడు మంచం మీద, దుప్పటి మీద పెట్టకు, కేబుల్‌తో వేలాడనివ్వకు. చదునుగా బల్లమీద ఉండాలి. టక్ టక్ అని శబ్దం వస్తే మళ్ళీ మళ్ళీ తగిలించి చూడకు, వెంటనే తీసేయ్.

పెళ్ళి ఫోటోలు వాట్సాప్‌లో వచ్చాయి, చాలులే అనుకోకు. మామూలుగా పంపితే వాట్సాప్ ఫోటోని కుదించేస్తుంది. పెద్దది చేయించి గోడకి పెట్టుకుందామంటే మొహాలు మసకబారతాయి. డాక్యుమెంటుగా పంపమని మీ పెద్దనాన్న పిల్లల్ని అడుగు, ఫోటోగ్రాఫర్ దగ్గర అసలు ఫైళ్ళు ఇప్పుడే తీసుకో. గూగుల్‌లో ఉన్నాయి కదా అంటావు. అక్కడ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, మెయిళ్ళు కూడా అందులోనే. ఫోటోలకి లెక్కలేనంత చోటివ్వడం 2021 జూన్ 1తో ఆపేశారు. పైగా ఫోన్లోని గూగుల్ ఫోటోస్ యాప్‌లో ఒకటి చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. ఉండనీ, మంచిదే, కానీ దాన్ని మూడో చోటుగా లెక్కేసుకో.

ఇక ఫ్రిజ్. తలుపు మీద స్టార్ల చీటీ ఉంటుంది. స్టార్లు లెక్కపెట్టి వదిలేయకు, వాటి కింద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది, అది చదువు. మూడు స్టార్లదానికీ అయిదు స్టార్లదానికీ 70 యూనిట్ల తేడా ఉందనుకో, యూనిట్ 7 రూపాయలు వేసుకున్నా ఏడాదికి మిగిలేది 490. ధరలో తేడా 5 వేలయితే అది రాబట్టడానికి పదేళ్లు. తేడా 2 వేలే అయితే కళ్ళు మూసుకుని అయిదు స్టార్లది తీసుకో, ఫ్రిజ్ పగలూ రాత్రీ తిరిగేదే కదా. చీటీ మీద ఏ సంవత్సరాలకి చెల్లుతుందో కూడా ఉంటుంది. ప్రమాణాలు బిగించినప్పుడల్లా పాత అయిదు కొత్త లెక్కలో నాలుగైపోవచ్చు. పాత స్టాకు అంటగడుతున్నారేమో అక్కడే తెలుస్తుంది.

ఏసీ సంగతి ఇంకా విను. దాని చీటీ మీది యూనిట్లు ఏడాదికి 1600 గంటలు వాడతారన్న లెక్కతో వేసినవి. మీరిద్దరూ పగలంతా ఆఫీసుల్లో ఉంటారు. ఏప్రిల్, మే రాత్రుళ్లు ఎనిమిదేసి గంటలు వేసుకున్నా 500 గంటలు దాటదు. అంటే చీటీ చూపించే ఆదాలో మూడో వంతు కూడా నీకు రాదు. మూడు స్టార్ల ఇన్వర్టర్ ఏసీ చాలు. అదీ ఈ ఏడాది కాదు, అద్దె ఇంట్లో కుదురుకున్నాక. ఇల్లు మారినప్పుడల్లా విప్పి బిగించే కూలీ, గ్యాసు ఖర్చు కూడా లెక్కలోకి వస్తాయి.

మీ హాలుకి 43 అంగుళాల టీవీ నిండుగా ఉంటుంది. లోపలి ‘స్మార్ట్’ భాగం నాలుగేళ్లలో నెమ్మదిస్తుంది, అప్పుడు స్ట్రీమింగ్ స్టిక్ ఒకటి తగిలించుకోవచ్చు. తెర పోతే మాత్రం టీవీ పోయినట్టే, కాబట్టి ప్యానెల్ వారంటీ, దగ్గర్లో సర్వీస్ సెంటర్ చూసి కొను.

వడ్డీలేని వాయిదాలు అంటే ముందు రొక్కం ధర అడుగు. చాలావాటిలో బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తం ధరలో తగ్గిస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు నీ నెత్తినే పడతాయి. ఎవరైనా మోసం చేసి మొండికేస్తే 1915కి ఫోన్ చెయ్యి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు.

రెండు డిస్కులూ ఒకే సొరుగులో పెట్టకమ్మా. దొంగలొచ్చినా, నీళ్ళొచ్చినా రెండూ కలిసే పోతాయి. రెండిట్లోనూ ఒకే ఫోటోలు ఎక్కించి, పైన తేదీ రాసి, ఒకటి నీ దగ్గర ఉంచుకుని రెండోది దసరాకి తెనాలి తీసుకురా. సంక్రాంతికి కొత్తవి ఎక్కించింది ఇక్కడ పెట్టి, పాతది పట్టుకెళ్దువు. మీ అత్తయ్య బీరువా లాకర్లో చోటు ఖాళీ చేసి ఉంచింది.