మిద్దెమీదనుండి దిగవద్దు

ధ్యాన భాగములు: ఆదికాండము 13, 14, 19 అధ్యాయములు, లూకా 17:28–33



మన ప్రభువు తన రాకడ దినమును గూర్చి శిష్యులతో మాటలాడుచు ఒక మనుష్యుని మిద్దెమీద నిలువబెట్టి చూపించెను. క్రింద ఇంటిలో అతని సామాను ఉన్నది. దానికొరకు అతడు దిగకూడదని ప్రభువు హెచ్చరించెను. ఆ వెంటనే, మరి యే వివరణయు లేకుండ, లోతు భార్యను మరువవద్దని చెప్పెను. యూదయ దేశపు ఇండ్లకు చదునైన మిద్దెలును వెలుపలనుండి మెట్లును ఉండెడివి గనుక వినినవారికి ఆ మాట సులభముగా బోధపడెను. మనకు బోధపడుటకు అంత దూరము పోనక్కరలేదు. భూపాలపల్లినుండి పరకాలకు పోవు త్రోవలో మోరంచపల్లి వరకు పోయిన చాలును.

2023 జూలై 27వ తేదీన తెల్లవారకముందే మోరంచ వాగు పొంగి ఆ గ్రామములో ప్రవేశించెను. ఆ ఒక్క దినములో, అనగా 24 గంటలలో, ప్రక్కనున్న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో దాదాపు 65 సెంటీమీటర్ల వాన కురిసెను. భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 61 సెంటీమీటర్లు దాటెను. జనులు పిల్లలను చంకనెత్తుకొని, ముసలివారిని మోసికొని మిద్దెలెక్కిరి, కొందరు చెట్లెక్కిరి. హెలికాప్టర్లును పడవలును వచ్చువరకు అక్కడనే వానలో తడియుచు క్రిందనున్న నీటిని చూచుచుండిరి. కొట్టుకొనిపోయి మరణించినవారును కలరు. కొట్టములలో గుంజకు కట్టియున్న పశువులనేకము కట్టినచోటనే చచ్చెను. మరుసటి యేడు 2024 సెప్టెంబరు 1న మహబూబాబాదు జిల్లాలో ఆకేరు పొంగి సీతారాం తండాను ముంచెను. కేసముద్రము దగ్గర రైలుపట్టాల క్రింది మట్టియే కొట్టుకొనిపోయెను. కాబట్టి మిద్దెమీది వాని గూర్చిన మాట మన జిల్లాలవారికి కథ కాదు.

ఒక మాట ముందుగానే చెప్పవలెను. మోరంచపల్లి సొదొమ కాదు. వరద వచ్చిన గ్రామమును చూపి, అక్కడివారు చేసిన పాపమునకిది శిక్ష అని బోధించువారున్నారు. అట్టివారు లూకా 13వ అధ్యాయము చదువుదురుగాక. సిలోయములో గోపురము కూలి 18 మంది చచ్చినప్పుడు, వారు యెరూషలేములోని తక్కినవారికంటె ఎక్కువ అపరాధులు కారని ప్రభువు స్పష్టముగా చెప్పియున్నాడు. వాన చెడ్డవారి కప్పునే వెదకి కురియదు.

మరియొక మాట. సామాను అనగానే కొందరు బోధకులు బీదవాని ట్రంకుపెట్టెను కూడ పాపపు మూటగా చూపుదురు. మన ఇండ్లలో ఆ పెట్టెలో ఏమున్నదో నేనెరుగుదును. పట్టాదారు పాసుపుస్తకము, పిల్లల సర్టిఫికెట్లు, ఆధారు కార్డులు, కూతురి పెండ్లికని కూడబెట్టిన రెండు తులముల బంగారము, ఆసుపత్రి చీటీలు, చనిపోయినవారి ఫోటో ఒకటి. పదేండ్ల కూలి ఆ పెట్టెలో ఉండును. దేవుడు దీనిని చిన్నచూపు చూచువాడు కాడు. బీదవాడు కప్పుకొను వస్త్రమును కుదువబెట్టించుకొనినవాడు సూర్యుడు గ్రుంకకముందే దానిని తిరిగి ఇయ్యవలెనని నిర్గమకాండము 22వ అధ్యాయములో ఆజ్ఞ కలదు. అది లేకున్న వాడు రాత్రి ఏమి కప్పుకొని పండుకొనునని దేవుడే అడుగుచున్నాడు. తిరుగటిని కుదువబెట్టించుకొనరాదని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము చెప్పుచున్నది. దుప్పటిని, తిరుగటిని లెక్కలో పెట్టుకొను దేవుడు మన ట్రంకుపెట్టెనును ఎరుగును.

అట్లయిన లోతు భార్య చేసినదేమి? ఆమె ఏ వస్తువును చేత పట్టుకొనలేదు. ఇంటికి తిరిగిపోలేదు. ఒకసారి చూచినది, అంతే. ఆమె యేల చూచినదో ఆదికాండము చెప్పలేదు. సొదొమలో నిలిచిపోయిన తనవారికొరకు చూచినదని కొందరందురు. తల్లి మనస్సు గనుక అట్లనుకొనుటలో వింత లేదు. కాని ప్రభువు ఆమెను మిద్దెమీది మనుష్యుని ప్రక్కను, అతని ఇంటి సామాను ప్రక్కను నిలిపెను గనుక ఆయన చూపిన త్రోవనే మనము పోవుదము.

ఆ మెడ ఒక్క దినములో వెనుకకు తిరుగుట నేర్చుకొనలేదు, ప్రియులారా. దానిని 13వ అధ్యాయమునుండి చదువవలెను. అబ్రాము కాపరులకును లోతు కాపరులకును జగడము పుట్టినది. మందలు పెరిగినవి, మేత చాలలేదు. పెద్దవాడైన అబ్రాము, ముందుగా కోరుకొనుటకు చిన్నవానికి సెలవిచ్చెను. లోతు కన్నులెత్తి యొర్దాను మైదానమును చూచెను. అది ఐగుప్తువలె నీళ్లు పారు దేశము. జనగామ ప్రాంతపు రైతులు ఈ భాగము చదివినప్పుడు లోతును తప్పుపట్టుటకు తొందరపడరు. అప్పుచేసి రెండు మూడు బోర్లు వేయించి, దుమ్ము తప్ప నీటిచుక్కను చూడనివానికి నీళ్లు పారు మైదానమన్న మాటలో ఎంత తీపి యున్నదో తెలియును. నీటిని కోరుట తప్పు కాదు. అయితే లోతు నీటిని చూచెను, గడ్డిని చూచెను. తనను వెంటబెట్టుకొని తెచ్చిన అబ్రాము వైపు, అనగా ఆయనకేమి మిగులునని, చూచినట్లు వ్రాయబడలేదు. ఆ ఊరి మనుష్యులెట్టివారో విచారించినట్లును వ్రాయబడలేదు.

తరువాత అతని గుడారమును గమనించుడి. మొదట సొదొమ దిక్కుగా వేసికొనెను. 14వ అధ్యాయమునకు వచ్చువరకు సొదొమలోనే కాపురమున్నాడు. 19వ అధ్యాయములో సొదొమ గవినియొద్ద కూర్చున్నాడు, తలుపు గల ఇల్లు కట్టుకొని యున్నాడు. గుడారపు మేకులు గడియలో పెరికివేయవచ్చును. ఇంటి దర్వాజా పెరుకుట కష్టము.

నడుమ దేవుడొక హెచ్చరిక పంపెను. రాజులు యుద్ధమునకు వచ్చి లోతును, అతని ఆస్తిని, స్త్రీలను పట్టుకొనిపోయిరి. అబ్రాము తన యింట పుట్టిన 318 మందితో వెంటాడి అందరిని, అన్నిటిని తిరిగి తెచ్చెను. సొదొమ రాజు ఆ సొత్తును తీసికొమ్మని బ్రతిమాలగా అబ్రాము దారపు పోగునైనను, చెప్పు పట్టీనైనను ముట్టనని ప్రమాణము చేసెను. లోతు? తన సామాను తనకు దొరికినది గదా, మరల సొదొమకే పోయెను. సమస్తము ఒకసారి చేజారి తిరిగి దొరికినవానికి బుద్ధి వచ్చునని మనమనుకొందుము. చాలమందికి మరింత గట్టిగా పట్టుకొనవలెనన్న పట్టుదలయే వచ్చును.

ఇట్లుండగా దేవదూతలు వచ్చి లెమ్మని చెప్పినప్పుడు ఆ కుటుంబము లేవగలుగునా? అల్లుండ్రు ఎగతాళి యనుకొనిరి. లోతు కూడ తడవు చేసెను. తెల్లవారుచున్నది, అగ్ని పడవలసియున్నది, ఇతడింకను ఇంటిలోనే యున్నాడు. అప్పుడు ఆ దూతలు అతని చేతిని, భార్య చేతిని, ఇద్దరు కుమార్తెల చేతులను పట్టుకొని వెలుపలికి తీసికొనివచ్చిరి; దేవుని కనికరమువలన అట్లు జరిగెనని 16వ వచనములో ఉన్నది. ఈ వచనము చదువునప్పుడెల్ల నేను ఆగుదును. లోతు భార్య చేతిని దేవదూత పట్టుకొనెను. ఆమె సొదొమలో చావలేదు. పట్టణము వెలుపల, రక్షణ మార్గమున, సోయరు దగ్గర పడినప్పుడు చచ్చెను. శరీరమును చేయిపట్టి లాగవచ్చును. కన్నులను దేవదూత కూడ లాగలేదు.

మన సంగతి చూచుకొందము. హైదరాబాదునుండి జనగామ మీదుగా వరంగల్లు పోవు పెద్ద రోడ్డుకు ఇరుప్రక్కల భూముల వెల పెరిగినకొలది మన సంఘములలో అన్నదమ్ముల మాటలు తగ్గినవి. ప్రభుభోజనపు బల్లయొద్ద ఒకడు ఈ చివర, మరియొకడు ఆ చివర మోకరించుట నేను చూచుచున్నాను. మాకు తెలిసిన ఒక కుటుంబములో మూడేండ్లు ఇట్లు జరిగిన తరువాత పెద్దవాడు ఒకనాటి సాయంత్రము చిన్నవాని ఇంటికి పోయి, “తమ్మీ, ముందుగాల నువ్వే కోరుకో” అనెను. చిన్నవాడు వెంటనే రోడ్డుప్రక్క భాగమును కోరుకొనెను! పెద్దవానికి దేవుడు ఆ చెలకలోనే గొప్ప దీవెన ఇచ్చెనని వ్రాసిన మీకు సంతోషముగా నుండును గాని, అట్లు జరుగలేదు. రోడ్డు భాగము ఇప్పటికిని వెలగలదియే. పెద్దవాని చెలకలో కందులే పండుచున్నవి. రాత్రులు నిద్రపోవుచున్నాడని మాత్రము అతని భార్య నాతో చెప్పినది.

లూకా 17లో లోతు దినములను గూర్చి చెప్పునప్పుడు ప్రభువు సొదొమ చేసిన ఘోర పాపములను ఎత్తలేదు. తినుట, త్రాగుట, కొనుట, అమ్ముట, నాటుట, కట్టుట అని చెప్పెను. ఇవన్నియు మన పనులే. నాట్లు వేయకున్న అన్నమెక్కడిది? మిర్చి అమ్మకున్న అప్పు తీరునదెట్లు? ఈ పనులు చేయుచునే చేతిని వదులుగా ఉంచుకొనుట ఎట్లు అన్నదే ప్రశ్న. నీరు గడపదాటిన తరువాత మిద్దెమీద నిలుచుండి దానిని నేర్చుకొనజాలము. దానిని ముందుగా, ఎండకాలములోనే నేర్చుకొనవలెను.

మన పెద్దలకు దీనికొక పాఠశాల యుండెను. మహబూబాబాదు జిల్లాలోని డోర్నకలుకు 1909లో అజరయ్యగారు వచ్చిరి. 1912 డిసెంబరు 29న భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకము పొందిరి. ఆయన సంఘములలో అధికులు అంటరానివారని త్రోసివేయబడిన కూలి జనులు. వీరియొద్ద ఏమి అడుగుదుమని ఆయన ఊరకుండలేదు. బీదవాడును దేవునికి ఇయ్యగలడని బోధించిరి. స్త్రీలు పొయ్యిమీద కుండ పెట్టినప్పుడెల్ల ఒక పిడికెడు బియ్యము వేరుగా తీసి ఉంచి ఆదివారము ఆలయమునకు తెచ్చెడివారు. కోతపండుగకు ధాన్యము, కోడి, గుమ్మడికాయ ఏది యున్న అది తెచ్చెడివారు. 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన డోర్నకలు దేవాలయమును చూచినవారు దాని గోపురములను మెచ్చుకొందురు. నాకైతే ఆ పిడికెడు బియ్యమే మొదట జ్ఞాపకము వచ్చును. రెండు పూటల అన్నము లేని ఇంటిలో, కుండలో పడవలసిన గింజలలోనుండి పిడికెడు తీయుటకు చేయి ప్రతిదినము తెరువవలెను. పిల్లలు చూచుచుందురు. ఆకలిగా ఉన్ననాడు కూడ తీయవలెను. అట్లు అలవాటుపడిన చేయి వరదనాడు ఏమి చేయవలెనో ఎవరినడుగును? ఇప్పుడు చాల ఇండ్లలో నెలకొకసారి కవరులో నోటు పెట్టి ఇచ్చుచున్నాము. కవరు మంచిదే, లెక్కకు సుళువు. కాని పొయ్యిదగ్గర నేర్చుకొనినది కవరులో నేర్చుకొనలేమని నా అభిప్రాయము. మన తల్లులు ఆ వాడుకను మరల మొదలుపెట్టిన నేను సంతోషింతును.

వాగుల ఒడ్డున కాపురముండువారికి మరొకటి తెలియును. నీరు కొట్టములోనికి వచ్చినప్పుడు బర్రె మెడనున్న పలుపు ముడిని విప్పుచు కూర్చుండరాదు. తడిసిన ముడి బిగియును. కొడవలితో కోయవలెను. కోసినప్పుడు బర్రె చీకటిలోనికి, నీటిలోనికి పోవును. మరల దొరకునో దొరకదో తెలియదు. ఎనుబది వేలు, లక్ష పెట్టి కొనిన బర్రె! అయినను పలుపు కోయబడినదే ఈది ఏదో ఒక గట్టెక్కును. నమ్మికయనగా ఏమని పిల్లలు నన్నడిగినప్పుడు నేను ఆ కొడవలిని గూర్చి చెప్పుచుందును. అది పశువుమీద ప్రేమ లేనివాడు చేయు పని కాదు.

లోతు భార్యతో ఈ ధ్యానమును ముగింపను. ఆ ఉదయమున సొదొమ వైపు చూచినవారు ఇద్దరు. 27వ వచనమునుండి చదువుడి. అబ్రాహాము తెల్లవారగానే లేచి, మునుపు తాను ప్రభువు సన్నిధిని నిలిచిన చోటికి వచ్చి, సొదొమ గొమొఱ్ఱాల తట్టు చూచెను. ఆవపు పొగవలె పొగ లేచుచుండెను. అతడు ఉప్పు స్తంభము కాలేదు. ఆ పట్టణములో అతనికి దారపు పోగైనను లేదు. ముందటి దినమున అతడు ఆ ఊరి నీతిమంతులకొరకు 50 మందితో మొదలుపెట్టి 10 మంది వరకు దేవుని బ్రతిమాలుకొనియుండెను. తన సహోదరుని కుమారుడు బ్రతికియున్నాడో లేడో ఆ గడియలో అతనికి తెలిసినట్లు వ్రాయబడలేదు. పొగనే చూచుచు నిలిచెను. దేవుడు అబ్రాహామును జ్ఞాపకము చేసికొనెననియు, అందువలననే లోతు ఆ నాశనమునుండి తప్పింపబడెననియు తరువాతి వచనము చెప్పుచున్నది.