తిరుగు టికెట్టు ముందు తీసుకో

ఒరేయ్ అల్లుడూ, ఈసారి విశాఖలో మ్యాచ్ పడితే నువ్వూ నీ స్నేహితులూ వెళ్దామనుకుంటున్నారని అక్క చెప్పింది. వెళ్లండిరా. 2005 ఏప్రిల్ 5న పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టింది ఆ మధురవాడ స్టేడియంలోనే, అక్కడ ఆడిన మొదటి వన్డేలో. అలాంటి ఇన్నింగ్స్ జనం మధ్య నిలబడి చూస్తే జన్మంతా చెప్పుకుంటారు. కానీ పెనుగొండ నుంచి వెళ్లేవాడికి విశాఖ కుర్రాడి ధీమా పనికిరాదు. మన ఊళ్లో రైలెక్కే వీలు లేదు. తణుకో, నిడదవోలో, రాజమండ్రో పోవాలి. అందుకే చెప్తున్నా, మ్యాచ్ టికెట్టు సంగతి తర్వాత, ముందు ఇంటికొచ్చే దారి ఖాయం చేసుకో.

ఐపీఎల్ మ్యాచ్ రాత్రి ఏడున్నరకి మొదలైతే అయ్యేసరికి పదకొండు దాటుతుంది. పాతికవేల మందికి పైగా ఒక్కసారే రోడ్డు మీద పడతారు. అక్కడి నుంచి రైల్వే స్టేషన్ దాదాపు 15 కిలోమీటర్లు. ఆటో దొరకాలి, ట్రాఫిక్ కదలాలి. కాబట్టి ఒంటిగంట లోపు బయల్దేరే రైలు నమ్ముకోకు. ఇక్కడే చాలామంది బోల్తా పడేది తారీఖు దగ్గర. మ్యాచ్ ఆదివారం రాత్రి అనుకో, ఒంటిగంటన్నర రైలుకి టికెట్ సోమవారం తారీఖు వేసి తీసుకోవాలి. ఆదివారం అని కొడితే ఆ రైలు అంతకు ముందు రాత్రే వెళ్లిపోయి ఉంటుంది. ఇంకోటి, కొన్ని రైళ్లు విశాఖ స్టేషన్‌కి రావు, దువ్వాడ మీదుగానే పోతాయి. దువ్వాడ ఊరికి ఆ చివర, స్టేడియం ఈ చివర. టికెట్ మీద ఎక్కే స్టేషన్ పేరు ఒకటికి రెండుసార్లు చదువు. అంత రాత్రి ప్రయాణం ఎందుకనిపిస్తే అక్కడే గది తీసుకుని పొద్దున్నే రండి. నా ఓటు దానికే.

వెళ్లేటప్పుడు పెద్ద ఇబ్బంది లేదు. రాజమండ్రిలో రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నం వేళకి విశాఖలో ఉంటారు. రాత్రి మ్యాచ్‌కి అది చాలు. ఒంటిగంటన్నరకి మొదలయ్యే వన్డేకి మాత్రం ముందురోజే చేరండి.

2024 నవంబరు నుంచి రైల్వే రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తున్నారు. మ్యాచ్ టికెట్లు అమ్మకానికి పెట్టేది చాలా ఆలస్యంగా. అందాకా ఆగితే నీకు మిగిలేది వెయిటింగ్ లిస్టే. షెడ్యూల్ రాగానే రైలు టికెట్లు తీసేయండి. మ్యాచ్ టికెట్ దొరక్కపోతే రద్దు చేసుకోవచ్చు, ఎంత ముందు చేస్తే కోత అంత తక్కువ. తత్కాల్ ఉంది కదా అంటావు. 2025 జులై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కి ఆధార్ ధ్రువీకరణ ఉండాలి, ఆ పని ఇప్పుడే చేసిపెట్టుకో.

ఐపీఎల్ ప్లేఆఫ్ మ్యాచ్‌ల లెక్క వేరు. ఎవరు ఆడతారో తెలీదు, ఒక్కోసారి ఎక్కడ ఆడతారో కూడా తెలీదు. 2019లో చెన్నైలో కొన్ని స్టాండ్లు తెరవడానికి అనుమతి రాక ఫైనల్ హైదరాబాద్‌కి మారింది, ఎలిమినేటర్, రెండో క్వాలిఫయర్ మన విశాఖకి వచ్చాయి. పైగా మనది తుపానుల తీరం. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న విశాఖని తాకింది, 14న జరగాల్సిన వెస్టిండీస్ వన్డే రద్దయిపోయింది. అందుకని గది తీసుకునేటప్పుడు, రద్దు చేస్తే డబ్బు వెనక్కిచ్చేదే చూసుకో.

ఇక మ్యాచ్ టికెట్. అధికారిక యాప్‌లోనే కొను. కొన్నిసార్లు ఆన్‌లైన్‌లో కొన్నది చూపించి కాయితం టికెట్ మార్చుకోవాల్సి ఉంటుంది. ఆ కౌంటర్ ఎక్కడో, ఏ రోజు వరకో కొన్నప్పుడే చదువుకో. వాట్సాప్‌లో ఎవడో క్యూఆర్ కోడ్ ఫొటో పంపి డబ్బు అడిగితే ఇవ్వకు. ఒకే కోడ్ పదిమందికి అమ్ముతారు, గేటు దగ్గర ముందు స్కాన్ అయినవాడే లోపలికి పోతాడు. మిగతావాళ్లు బయటే.

నాకు భయమంతా ఆ బయట ఉండిపోయే వాళ్ల గురించేరా. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్ జింఖానా మైదానంలో టికెట్ల కోసమే తొక్కిసలాట జరిగి జనం ఆసుపత్రి పాలయ్యారు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర 11 మంది చనిపోయారు. ఆట మీద ప్రేమతో వచ్చినవాళ్లే వాళ్లంతా. మీ గుంపులో ఒక్కడికి టికెట్ లేకపోయినా, "పద, అక్కడ చూసుకుందాం" అని వాణ్ని వెంటబెట్టుకెళ్లకండి. గేట్లు తెరిచిన కాసేపటికే లోపలికి వెళ్లండి, అయ్యాక జనం పలచబడేదాకా సీట్లోనే కూర్చోండి. రైలు నంబరు, గది అడ్రసు కాయితం మీద రాసి అక్కకి ఇచ్చి వెళ్లు. రాత్రి ఎంతైనా సరే, స్టేడియం బయటికి రాగానే నాకొక ఫోన్ చెయ్యి.