దాయము – దానము

గృహస్థులు సాధువులను అడుగు ప్రశ్నలు సాధారణముగా జపమును, ఉపవాసమును, మనోనిగ్రహమును గూర్చి యుండును. "తల్లిదండ్రులు గతించిన పిమ్మట వారి సామానులను ఏమి చేయవలెను?" అని అడుగువారు అరుదు. అది ధర్మప్రశ్న కాదనియు, ఇల్లు సర్దుకొనెడి పని మాత్రమే యనియు వారు తలంతురు. కాని తల్లి నివసించిన గదిలో నిలిచి, ఏ వస్తువును తాకినను కంట నీరు పెట్టుకొనుచు, దేనిని తీయుటకును చేయి రాక, మరల తాళము వేసి మరలిపోవువాని మనస్సున జరుగు పోరాటము ఆధ్యాత్మిక జీవనమునకు వెలుపలిది కాదు. గ్రంథములలో మమకారమనునది ఒక పదము మాత్రమే. ఆ గదిలో దానికి బరువు కలదు, ధూళి కలదు, వాసన కలదు. కావున ఈ విషయమును శాస్త్రముల వెలుగున విచారింతము.

దృష్టాంతముగా భిలాయి నగరమందలి క్యాంప్ 1 ను తీసికొందము. 1955లో భారత, సోవియట్ ప్రభుత్వముల మధ్య కుదిరిన ఒప్పందము ననుసరించి ఆ ప్రాంతమున ఉక్కు కర్మాగారము వెలసెను. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. ఆ దినములలోను, అటుపిమ్మటను శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాలనుండి అనేక కుటుంబములు విజయనగరము, రాయగడ, రాయపూరుల మీదుగా రైలులో వచ్చి అచ్చట పనులలో కుదురుకొనెను. వచ్చునపుడు వారి వెంట నున్నది ఒక రేకుపెట్టె, ఒక పక్కబట్టల చుట్ట, ఒక మరచెంబు. క్యాంపు అనగా విడిది. కొలది కాలము తలదాచుకొనుటకు ఏర్పడిన చోటు. ఆ విడిదియే మూడు తరములకు ఊరైనది. మధ్యప్రదేశముగా నుండిన ఆ భూభాగము 2000 నవంబరు 1వ తేదీన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమైనది. ఇన్ని మారినను చోటు పేరు మాత్రము నేటికిని విడిదియే.

ఆ రేకుపెట్టె వెనుక ఎన్ని వచ్చి చేరినవి! స్వగ్రామమున ఇల్లు అమ్మినపుడు తాతగారి భోషాణము వచ్చినది. బుడితి ఇత్తడి బిందెలు, గంగాళము, కంచుగిన్నెలు, రాచిప్ప వచ్చినవి. పెండ్లిండ్లకు స్టీలు సామాను, పండుగలకు చీరలు, యాత్రలనుండి దేవుని పటములు, సంక్రాంతికి కొలువు తీర్చెడి బొమ్మలు, ముప్పది యేండ్ల పంచాంగములు, శుభలేఖలు, జాతకచక్రములు ఒకదానిపై నొకటి పేరుకొన్నవి. కూర్చినవారు గతించిరి. సంతానము హైదరాబాదునందో, బెంగుళూరునందో, అమెరికాయందో రెండు మూడు గదుల నివాసములలో నున్నారు. కర్మకాండకు వచ్చినవారికి దొరకు సెలవు పదునైదు దినములు. అరువది యేండ్ల సంసారమును ఆ దినములలో ఏమి చేయగలరు?

అట్టి సమయమున మనస్సును మూడు తలంపులు పట్టుకొనును. "ఇది అమ్మది, ఎట్లు తీసివేయుదును?" అనునది మొదటిది. "ఎప్పటికైన పనికివచ్చును" అనునది రెండవది. "అన్నగారేమందురో, చెల్లెలేమనుకొనునో" అనునది మూడవది. మొదటిది ప్రేమ, రెండవది భయము, మూడవది పోటీ. మూడును కలిసి ఒకే ముడిగా బిగిసికొనును. ముడిని విప్పవలెనన్న పోగులను వేరుచేయవలెను.

ముందుగా 'దాయము' అను పదమునే చూతము. పిత్రార్జితమునకు మన ధర్మశాస్త్రములు పెట్టిన పేరిది. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్యను రచించిన విజ్ఞానేశ్వరుడు, యజమానునితో గల సంబంధము చేతనే మరియొకనికి సొత్తగు ధనము దాయమని నిర్వచించెను. పదమూడవ శతాబ్దమున కేతన ఈ ధర్మములను విజ్ఞానేశ్వరీయమను పేర తెనిగించెను. ఈ నిర్వచనమునందు సంబంధము ముందు, సొత్తు వెనుక. సంబంధము సొత్తుమీద ఆధారపడి యుండలేదు. బిందె పోయినంత మాత్రమున తల్లి తల్లి కాకపోదు. మరియొక విశేషము కలదు: దాయము, దానము అను రెండు పదములును ఇచ్చుట యను అర్థముగల ఒకే ధాతువునుండి పుట్టినవి. మనకు వచ్చినది ఈయబడి వచ్చినది. ఈయబడి వచ్చినది ఈయబడియే ముందుకు సాగవలెను.

ఈ సత్యమును మన పాత్రలే చాటుచున్నవి. వివాహమునకు, ఉపనయనమునకు, గృహప్రవేశమునకు ఇచ్చెడి పాత్రలమీద పేరు కొట్టించుట మన ఆచారము. పాత బిందె నొకదానిని తీసి తోమి చూడుడు. దానిపై నున్నది చాలసార్లు మీ తల్లి పేరు కాదు, ఆమెకు ఇచ్చినవారి పేరు. అనగా ఆ బిందె మీ యింట కాలు మోపినదే దానముగా. దానముగా వచ్చిన దానిని చీకటిగదిలో చిలుము పట్టించుట దాతకును, గ్రహీతకును గౌరవము కాదు.

మొదటి తలంపు ప్రేమ యని చెప్పితిమి. అది నిందింపదగినది కాదు. దానికి సరియైన త్రోవ చూపుటయే కర్తవ్యము. కౌషీతకి ఉపనిషత్తునందు అవసానకాలమున తండ్రి కుమారునికి చేయు అప్పగింత యొకటి వర్ణింపబడినది. ఇంట క్రొత్త దర్భలు పరచి, అగ్ని నుంచి, నీటిపాత్ర పెట్టి, తండ్రి కుమారుని పిలుచును. తన వాక్కును, ప్రాణమును, చూపును, వినికిడిని, కర్మలను, మనస్సును ఒక్కొక్కటిగా అతనియందుంతునని పలుకును. కుమారుడు ఒక్కొక్కదానిని తనయందు స్వీకరింతునని బదులు పలుకును. ఆ జాబితాలో భోషాణము లేదు, గంగాళము లేదు. బృహదారణ్యకోపనిషత్తును ఇట్టి అప్పగింతనే చెప్పి, తండ్రి చేయక విడిచిన దానిని పూరించి అతనిని విముక్తుని చేయువాడే పుత్రుడని బోధించుచున్నది. తల్లి పొరుగింటి బాలింతకు పథ్యము వండి పంపెడిదా? ఆ పని ఆగిపోయినచో దాయము పోయినట్లు. ఆమె వండిన గిన్నె మాత్రము అటకపై భద్రముగా నున్నచో దాయము నిలిచినట్లు కాదు. మరణించినవారి ప్రేమను వస్తువులయందు దాచినచో అది క్షీణించును. మన చేతులయందు దాచినచో పెరుగును.

రెండవ తలంపు భయము. దీనికి సమాధానము ఉక్కునగరవాసులకు విశదముగా తెలియును. కర్మాగారమున ఉక్కు చేయునపుడు ద్రవరూపమైన ఇనుముతో పాటు విరిగిన తుక్కును కూడ కొలిమిలో వేయుదురు. తుప్పు పట్టిన ముక్క కరగి, క్రొత్త ఉక్కులో చేరి, రైలుపట్టా యగును. రూపము పోయినది, ఇనుము పోలేదు. ఛాందోగ్యోపనిషత్తునందు ఉద్దాలకుడు కుమారుడైన శ్వేతకేతువునకు బోధించుచు మట్టిముద్దను, బంగారమును, పిమ్మట ఇనుప గోరుగల్లును దృష్టాంతములుగా చూపెను. ఇనుమును తెలిసికొనినవానికి ఇనుప వస్తువులన్నియు తెలిసినవే. తక్కినది నామరూపభేదమే యని ఆ బోధకు తాత్పర్యము. భగవద్విగ్రహమునకు సైతము ఈ నియమము వర్తించును. జీర్ణమైన బింబమును విధ్యుక్తముగ విసర్జించి నూతనబింబమును ప్రతిష్ఠింపవలెనని ఆగమములు జీర్ణోద్ధారమును విధించినవి. దేవుని రూపమునకే ముగింపు అనుమతింపబడినపుడు మన అల్మారాకు ఏల అనుమతింపరాదు?

అయితే తీసివేయుట యంతయు త్యాగము కాదు. ఇచ్చట కఠోపనిషత్తు మనలను హెచ్చరించుచున్నది. నచికేతుని తండ్రి సర్వస్వమును దానమిచ్చెడి యాగము చేసెను. కాని దక్షిణగా తోలించిన గోవులు ఇక నీరు త్రాగలేనివి, గడ్డి మేయలేనివి, పాలీయలేనివి. అది చూచి బాలుడగు నచికేతునియందు శ్రద్ధ ప్రవేశించెను. ఇట్టి దానము చేసినవానికి ఆనందములేని లోకములే గదా యని అతడు చింతించెను. చిరిగిన దుప్పటులను, మూతలేని డబ్బాలను, ఆడని గడియారములను మూటగట్టి అనాథాశ్రమపు వాకిట దించి వచ్చువారు ఈ కథను స్మరింపవలెను. అది మన చెత్తను పేదవాని యింటికి చేరవేయుట. పగిలిన దేవుని పటములను రావిచెట్టు మొదట నిలిపి వచ్చుటయు నిట్టిదే. అద్దమును, చట్రమును వేరుచేసి, కాగితమును భక్తితో మట్టికి అప్పగించుట మేలు. పనికిమాలిన దానిని పాత సామానులు కొను కబాడీవానికి ఇచ్చుటలో దోషము లేదు. దానిని దానమని పిలుచుటలోనే దోషము కలదు.

మంచి దానము ఎట్లుండునో శ్రీరాముడు చూపెను. వాల్మీకి రామాయణమున అయోధ్యాకాండయందు అరణ్యమునకు పోవుటకు ముందు సీతారాములు తమ వస్తువులను పంచియిచ్చిన ఘట్టము కలదు. వసిష్ఠపుత్రుడగు సుయజ్ఞునకు రాముడు ఆభరణములను, మేనమామ తనకిచ్చిన శత్రుంజయమను ఏనుగును ఇచ్చెను. సుయజ్ఞుని భార్యకై సీత తన నగలను, పానుపును ఈయ నిచ్చగించెను. చిరకాలము సేవించిన చిత్రరథుడను సూతునకు తగిన ధనము లభించెను. సేవకులకు జీవనాధారము కల్పించి, తాము తిరిగివచ్చువరకు గృహములను శూన్యముగా విడువవలదని చెప్పిరి. పసిబిడ్డలతో దారిద్ర్యమున నుండిన త్రిజటుడు చేతికఱ్ఱ విసరి, అది పడినంత మేర గోవులను పొందెను. ఇచ్చట గుట్టపోసి పంచుట లేదు. ఎవరికి ఏది తగునో యెరిగి, పేరు పెట్టి పిలిచి ఇచ్చుట కలదు. మేనమామ ఇచ్చిన ఏనుగు గదా యని రాముడు సంకోచింపలేదు.

మూడవ తలంపు పోటీ. ఇద్దరు సోదరులు తాడు పట్టి నేలను కొలిచి, "ఈ వైపు నాది, ఆ వైపు నీది" అనునపుడు భగవంతుడు నవ్వునని శ్రీరామకృష్ణ పరమహంస చెప్పెడివారు. కుటుంబములలో పొలమునకు రాని తగవు ఒక్కొక్కప్పుడు పసుపు కుంకుమల భరిణెకు వచ్చును. ఏలయన అచ్చట కోరబడునది వెండి కాదు, "అమ్మకు నేనే ఇష్టురాలను" అను సాక్ష్యము. దీనిని గుర్తించినచో కోపము జాలిగా మారును. కొన్ని వస్తువులు విభజింపదగినవి కావని మనుస్మృతి ధరించిన వస్త్రమును, ఆభరణమును, వండిన అన్నమును, నీటిని పేర్కొన్నది. నూతిని ముక్కలు చేయరాదు, వంతులవారీగ తోడుకొనవలెను. పూజాసామగ్రి, బొమ్మలకొలువు వంటివానిని కూడ ఇట్లే ఒక్కొక్క యేడు ఒక్కొక్క యింట నుంచుకొనవచ్చును. కుమార్తెలను ఈ పంపకమునుండి దూరముగా నుంచుట ధర్మమును కాదు, 1956 నాటి హిందూ వారసత్వ చట్టమునకు సమ్మతమును కాదు.

ఇక ఆచరణ. మొదట పత్రములు చూడవలెను. దస్తావేజులు, భవిష్యనిధి కాగితములు, బ్యాంకు పుస్తకములు చిత్తుకాగితములలో కలిసిపోవుట తరచు జరుగును. తరువాత ఛాయాచిత్రములు. గుర్తింపగల పెద్దలుండగనే వెనుక పేర్లు వ్రాయింపవలెను. పేరు తెలియని చిత్రము రెండు తరములలో అపరిచితుని ముఖమగును. తాళపత్రములున్నచో ఎవరును చదువలేకపోయినను పారవేయరాదు. సి. పి. బ్రౌను సేకరించిన తెలుగు వ్రాతప్రతులు నేటికిని చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమున నున్నవి. హైదరాబాదు, తిరుపతులయందును వ్రాతప్రతుల నిలయములు కలవు. అచ్చుపుస్తకములకు 1918లో వెలసిన వేటపాలెము సారస్వత నికేతనము వంటి గ్రంథాలయములను సంప్రదింపవచ్చును. పిమ్మట వాడదగిన పాత్రలు, బట్టలు. కర్మకాండయందు శయ్య, గొడుగు, పాదుకలు, జలపాత్ర దానమిచ్చు విధి కలదు. బజారునుండి నామమాత్రపు గొడుగును కొని తెచ్చి ఇచ్చి, గతించినవారి మంచి గొడుగును మూలనుంచుట ఆ విధియొక్క అభిప్రాయము కాదు. చివరకు జ్ఞాపకార్థము ఒక్కొక్కరు ఒకటి రెండు వస్తువులను ఉంచుకొనుడు. కాని వాడుకలో నుంచుడు. తండ్రి మరచెంబుతో నీరు త్రాగుడు. తల్లి పట్టుచీరను మనుమరాలు పెండ్లినాడు కట్టుకొనుగాక.

ఈ భారమంతయు సంతానముపై వేయుట పెద్దలకు తగదు. వానప్రస్థమనగా అడవికి పోవుట మాత్రమే కాదు, చేతులు సత్తువతో నుండగనే చేతులు ఖాళీ చేసికొనుట. ఇతరుల భుజములకు బరువు కారాదని స్వీడను దేశమున వృద్ధులు మరణమునకు ముందే తమ యింటిని తేలిక చేసికొను వాడుక కలదు. కౌషీతకి ఇంకను ముందుకు పోయినది. అప్పగింత చేసిన తండ్రి వ్యాధినుండి కోలుకొన్నచో, కుమారుని అధీనమున నుండవలెను, లేదా పరివ్రాజకుడు కావలెను. ఇచ్చినదానిని మరల తనదనరాదు. బ్రతికియుండగా స్వహస్తముతో, "ఇది నీకు" అని చెప్పి ఇచ్చిన చిన్న గిన్నెయందు ఆశీర్వాదము కూడ చేరును. మరణానంతరము అటకపై దొరకిన పెద్ద గంగాళమునందు సందేహము మాత్రమే యుండును: దీనిని ఎవరికి ఇయ్యదలచిరో!

సోదరులారా, సోదరీమణులారా! మీ పెద్దలు ఒక రేకుపెట్టెతో విడిదికి వచ్చిరి. ఆ పెట్టెలో మీకు కానరానివి కొన్ని యుండెను: పరదేశమున కష్టపడు ధైర్యము, మొదటి జీతములో ఊరికి పంపిన పైకము, తనతో రైలు దిగిన మరియొకనికి చూపిన చోటు. ఆ దాయము నెవరును తూచలేరు, పంచినను తరుగదు, దానికి గది యక్కరలేదు. దానిని ముందుగా స్వీకరింపుడు. అటుపిమ్మట గది తలుపు తెరచి, ఒక్కొక్క వస్తువును చేతికి తీసికొని, ఇచ్చినవారిని స్మరించి, కావలసినవారి చేతిలో నుంచుడు. లోకమంతయు ఎవనిచే నిండియున్నదో ఆ పరమేశ్వరుడు మన యిండ్లను తేలికగను, మన హృదయములను నిండుగను ఉండునట్లు అనుగ్రహించు గాక!